మంగళవారానికి మారిన పుట్టినరోజు

జూన్ 3, మంగళవారం

ఇందుమూలంగా ఈ గదిలో కాపురముంటున్న మనుషులకు, ఎలకలకు, కిటికీ మీద వాలే పావురాలకు పెద్దమ్మ గారి ఆజ్ఞగా చాటించడమేమంటే:

పళ్ళు ఊడిన దువ్వెనని ఇకమీదట దువ్వెన అనరాదు, గోకుడుపుల్ల అనవలెను. బకెట్టు చెవి ఊడిన నేరంపై విచారణ ముగిసినది. దోషికి ఇంకా ఐదేళ్ళు నిండనందున మందలించి వదిలేయడమైనది. మూత లేని డబ్బాకీ, డబ్బా లేని మూతకీ కుదిర్చిన సంబంధం కొలతలు కలవక తప్పిపోయినది. చివరగా, ఈ నెల ఇరవయ్యో తేదీ శుక్రవారం రావలసిన బుడంకాయ గారి ఐదో పుట్టినరోజు, ఆ రోజు ఊళ్ళో పెళ్ళిళ్ళ రద్దీ వల్ల, ఇరవై నాలుగో తేదీ మంగళవారానికి మార్చడమైనది. వేడుకకి నగర మేయరు గారు, సర్కసు ఏనుగు గారు విచ్చేయుదురు. అభ్యంతరాలున్నవారు గోడకి చెప్పుకోవలెను.

డప్పు ఆపాను. ఇక మామూలుగా మాట్లాడుకుందాం చెల్లీ.

ఎలా ఉన్నావని అడగను. ఆ చల్లగదుల్లో పొద్దస్తమానం పండ్లు పెట్టెల్లో సర్దేదానివి, నువ్వూ పండులాగే పాడవకుండా ఉండుంటావు. ఇక్కడ నేను అడ్డంగా పెరిగాను, నీ కూతురు నిలువుగా పెరిగింది, ఇద్దరం కలిసి ఉన్న ఒక్క గదినీ ఇరుకు చేశాం.

మా కొట్టు సంగతి నీకు తెలుసుగా. కుర్చీలు, బల్లలు, గిన్నెలు, రంగు దీపాలు, షామియానాలు అన్నీ ఊళ్ళోవాళ్ళ వేడుకలకి అద్దెకెళ్ళి, మరకలతో ఇంటికొస్తాయి. నేను కడిగి, తుడిచి, చిరుగులు కుట్టి మళ్ళీ పంపుతాను. షామియానా మరకలు చూసి ఆ పెళ్ళిలో వియ్యాలవారు కొట్టుకున్నారో లేదో చెప్పేస్తా. శుక్రవారం వస్తే కొట్టులో కూర్చోడానికి ఒక్క కుర్చీ మిగలదు. అదే మంగళవారం కొట్టుకి సెలవు, సామానంతా గోదాములోనే ఉంటుంది. అంటే వారానికి ఒక రోజు ఈ ఊళ్ళో నాకంటే ఎక్కువ కుర్చీలున్న మనిషి లేదన్నమాట. ఎర్ర మఖమలు వేసి, చేతులకి సింహం తలకాయలు చెక్కిన పెళ్ళికొడుకు కుర్చీ ఒకటుంది. అందులో నీ కూతుర్ని కూర్చోబెడతా. ఖర్చు లేకుండా ఇంత దర్జా ఎక్కడ దొరుకుతుంది? పిల్లకి తేదీలేం తెలుసు. ఏ రోజు కేకు పెడితే ఆ రోజే పుట్టిందనుకుంటుంది.

మా యజమాని కుర్చీల దొర బాగానే ఉన్నాడు. మొన్న ఆయన బయటికెళ్ళినప్పుడు మడతపెట్టిన షామియానాల వెనక నక్కి, ఆయన గొంతుతో "ఎవడ్రా అక్కడ కూర్చుంది!" అన్నాను. సామాను మోసేవాళ్ళు ముగ్గురూ ఎగిరి పడ్డారు. ఒకడు కడిగిన కుర్చీనే మళ్ళీ కడిగాడు. కాసేపటికి దొర నిజంగానే వచ్చి అరిస్తే, నేనే అనుకుని ఒక్కడూ కదల్లేదు. ఆయనకి ఇప్పటికీ ఏం జరిగిందో అర్థం కాలేదు.

ఈ ఉత్తరం మీ కంపెనీ లారీ డ్రైవరు బాబాయ్ చేతికిస్తున్నా. మీవాళ్ళు ఫోన్లు లోపలికి రానివ్వరు, పోయినేడు బట్టల తొట్టిలో ఈతకెళ్ళిన నా ఫోను ఇంకా ఒడ్డుకి రాలేదు. మన ఇద్దరికీ ఆయనే దిక్కు.

వీలైతే రా. వీలు కాకపోయినా రా.

ఆజ్ఞలివ్వడం తప్ప ఇంకేమీ చేతకాని
నీ అక్క


జూన్ 6

అక్కా,

నీ ఉత్తరం పక్క మంచం అమ్మాయికి చదివి వినిపించాను. ఏనుగు నిజంగా వస్తుందా అని అడిగింది. కనీసం వినేవాళ్ళకైనా ఏది నిజమో తెలిసేలా రాయకూడదా? పుట్టినరోజుని మంగళవారానికి మార్చడమంట, మేయరంట! సరే, నవ్వాను. నవ్వి చాలా రోజులైంది కాబట్టి తిట్టను. ఇప్పుడు కాస్త నిలకడగా విను.

నాకు శుక్రవారం సెలవు దొరికింది. ఒక్క రోజే. మా సూపర్‌వైజరమ్మ కాళ్ళావేళ్ళా పడితే ఇచ్చింది. పొద్దున బాబాయ్ లారీలో వస్తా, సాయంత్రం అదే లారీలో వెనక్కి. నేను వస్తున్నట్టు పాపకి ముందే చెప్పకు. చెప్పు. వద్దు, చెప్పకు. నీ ఇష్టం.

ఆర్భాటం ఏమీ వద్దు. నలుగురు పిల్లలు, ఓ చిన్న కేకు, ప్లేట్లో నాలుగు బిస్కెట్లు. బెలూన్లు నోటితో ఊదకు, నీకు ఆయాసం. గౌను నేనే కుడుతున్నా, పచ్చ రంగు. పనయ్యాక చాలాసేపు వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, సూది గుచ్చుకున్నా తెలియదు. కుట్లు వంకరగా ఉంటే ఎవరికీ చూపించకు.

కుర్చీల దొర కథ చదివితే మన చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. నేను వీధి చివర ఆటలో ఉంటే అమ్మ గొంతుతో పిలిచి ఇంటికి రప్పించేదానివి. నేను పరిగెత్తుకుంటూ వస్తే అమ్మ ఉండేది కాదు, గుమ్మంలో నువ్వు ఇకిలిస్తూ నిలబడేదానివి. అన్నిసార్లు మోసపోయాను గానీ ఒక్కసారి కూడా పోల్చుకోలేకపోయాను.

ఒకటి అడుగుతా. వేళాకోళం చేయకుండా చెప్పు. పాప నన్ను అడుగుతోందా? ప్రతి ఉత్తరంలో దాని పళ్ళ గురించి, అల్లరి గురించి రాస్తావు, ఇది మాత్రం రాయవు. నీ దగ్గర వదిలేసి వచ్చినప్పుడు దానికి మూడేళ్ళు. వాళ్ళ నాన్న చెప్పాపెట్టకుండా పోకపోతే, ఈ హాస్టల్లో పిల్లల్ని ఉండనిస్తే, నేను వదిలేసేదాన్నా? నీకు తెలిసిందే. అయినా ఈ ముక్క రాయకుండా నా ఉత్తరం పూర్తవదు.

నీ ఫోను పోయినప్పటి నుంచి దాని గొంతు వినలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలాను. సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ఫోను దగ్గర నిలబడతా. నంబరు వెనక రాశాను. మీ దొరని అడిగి ఒక్కసారి చేయించు. ఒక్క మాట వింటే చాలు.

నీ చెల్లి


జూన్ 10

శ్రీమతి పండ్లపెట్టెల మహారాణి వారికి,

విన్నావా మరి? "అమ్మా, ఎప్పుడొస్తావ్?" అన్న మాట చెవిన పడిందా? ఇక అడుగుతోందా అడుగుతోందా అని నా ప్రాణం తోడకు. గొంతు బొంగురుగా ఉందేంటన్నావు. జలుబు. ఒక్క మాట అని పారిపోయింది, పిల్లలంతే, నిలకడ ఉండదు. దొర గడియారం వంక చూస్తూ ఫోనిస్తాడు, అందుకే పెట్టేశాను. ఆ సంగతి అయిపోయింది, వదిలెయ్.

అసలు సంగతికి వస్తా. ఒసేయ్ పిచ్చిదానా, మంగళవారం వేళాకోళం కాదే! మేయరు అబద్ధం, ఏనుగు అబద్ధం, మంగళవారం నిజం. గోడ మీద సుద్దముక్కతో ఇంతింత అక్షరాలు రాసుకున్నా కూడా. కానీ నువ్వు శుక్రవారం వస్తున్నావు. నువ్వొచ్చాక కుర్చీలెందుకు? నీ ఒళ్ళోనే కూర్చుంటుంది. కాబట్టి పుట్టినరోజుని మళ్ళీ శుక్రవారానికే తెచ్చేశా. కుట్టడానికి కూడా పనికిరాని పాత షామియానా ఒకటుంది, అది నేల మీద పరుస్తా.

పిలుపులన్నీ మార్చి చెప్పొచ్చాను. టైలరు ఇద్దరు కొడుకులు, సెలూను అతని కూతురు, ఇస్త్రీ ఆవిడ మనవరాలు. ఇంతకంటే ఎక్కువమందిని పిలిస్తే గది గోడలు బయటికి వెళ్ళి నిలబడాలి. బేకరీ అతనితోనూ మాట్లాడా. ఎవరైనా చేయించుకుని తీసుకెళ్ళకుండా వదిలేసిన కేకుంటే నాకు కబురు పెట్టమన్నా. "అలాంటివి ఎప్పుడుంటాయో ఎలా చెప్పనమ్మా" అన్నాడు. "జనాల మతిమరుపు మీద నాకు నమ్మకముంది" అన్నాను.

బుడంకాయకి పై పన్ను కదులుతోంది. దాన్ని నాలుకతో తోసి తోసి ఆడిస్తూ నాకు చూపిస్తోంది. శుక్రవారం దాకా ఊడకుండా ఉంటే నీ ముందే ఊడబెరుకుతా.

తాళం వేసిన గోదాము ముందు కూర్చుని రాస్తున్న
నీ అక్క


జూన్ 10

అక్కా,

ఇది నీ జవాబు రాకముందే రాస్తున్నా, ఆగలేకపోయాను.

నిన్న నువ్వు ఫోను పెట్టేశాక వాచ్‌మన్ తన స్టూలు మీంచి లేచి నన్ను కూర్చోమన్నాడు. నా మొహం ఎలా ఉందో ఏమో. ఎప్పుడొస్తావ్ అంది. చూశావా, వస్తావా అని అడగలేదు, ఎప్పుడొస్తావ్ అని అడిగింది. అంటే నేను వస్తానని దానికి తెలుసు. రెండేళ్ళుగా నాకున్న భయం ఏంటో నీకెప్పుడూ చెప్పలేదు. ఇక చెప్పక్కర్లేదు కూడా. మధ్యాహ్నం పెట్టెలు సర్దుతూ నాలో నేనే ఆ మాట అనుకుంటూ ఉంటే పక్కామె "ఎవరితోనే?" అంది. గొంతు అంత మారిపోయిందేంటక్కా? పిల్లలు ఇంత త్వరగా పెద్దవాళ్ళయిపోతారా?

ఇంకో సంగతి. డ్రైవరు బాబాయ్ చెప్పాడు, మంగళవారం నిజమేనంట. మీ అక్క గోడ మీద సుద్దతో రాసిందమ్మా, సింహం కుర్చీని తుడిచి పక్కన పెట్టింది కూడా, పిల్ల దాని చుట్టూ తిరుగుతోంది అన్నాడు. నేను నవ్వేసి కొట్టిపారేసినందుకు నువ్వెంత బాధపడ్డావో. అందుకని సూపర్‌వైజరమ్మ దగ్గరికెళ్ళి సెలవు మంగళవారానికి మార్పించుకున్నా. గొణిగింది గానీ మార్చింది. పాప ఆ కుర్చీ ఎక్కేటప్పుడు నేనుండాలి. కాళ్ళు అందవు కదా, నేను ఎత్తి కూర్చోబెడతా.

నీ చెల్లి


జూన్ 13

ఒసేయ్,

పలకరింపూ లేదు, ఏమీ లేదు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నీ కోసం నేను శుక్రవారానికి జరిగాను, నా కోసం నువ్వు మంగళవారానికి జరిగావు. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు ఒకళ్ళకొకళ్ళు దారిస్తూ ఒకే పక్కకి తప్పుకున్నట్టుంది మన వ్యవహారం.

సరే, ఇప్పుడు నేను చెప్పేది చెవులు రిక్కించి విను. నువ్వు కదలకు. రాయిలా కూర్చో. మంగళవారం మంగళవారమే. మళ్ళీ గడప గడపకీ తిరిగి చెప్పొచ్చాను. టైలరు పెళ్ళాం గుమ్మంలో నిలబెట్టి, "ఇది పుట్టినరోజా, బస్సా? పూటకో టైము చెప్తున్నావ్" అంది. నాకు ఒళ్ళు మండి, "నీ కొడుకుల్ని ఎక్కించుకోకుండా వెళ్ళిపోతుందిలే" అన్నాను. తలుపేసేసింది. నా నోరు నీకు తెలుసుగా, జవాబు చెప్పాక గానీ పక్కన మనిషున్నట్టు తెలియదు.

ఇక ఇంకేమీ మార్చకు తల్లీ. పెద్దదాన్ని, దండం పెడుతున్నా. ఈ ఉత్తరం నీ చేతికందేలోగా ఆ సూపర్‌వైజరమ్మ ఉన్న వైపు కూడా వెళ్ళకు.

నీ అక్క


జూన్ 14

అక్కా,

శుక్రవారమే చేస్తున్నానన్న ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. నిన్న పొద్దున్నే సూపర్‌వైజరమ్మ దగ్గరికెళ్ళాను.

"మళ్ళీ ఏంటి?" అంది తలెత్తకుండా.

"శుక్రవారమేనంట మేడమ్. మా అక్క మళ్ళీ మార్చింది."

"ఏం మార్చింది?"

"పుట్టినరోజు."

అప్పుడు తలెత్తింది. "నాకూ ఇద్దరు పిల్లలున్నారమ్మా. వాళ్ళ పుట్టినరోజులు వాళ్ళు పుట్టిన రోజునే వస్తాయి. నీ కూతురిది ఓసారి శుక్రవారం, ఓసారి మంగళవారం, మళ్ళీ శుక్రవారం. అసలు నీకు కూతురుందా?"

ఉంది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అది వదిలేసి, కుర్చీలు, గోదాము, కొట్టుకి సెలవు, ఇవన్నీ చెప్పబోయాను. నేను చెప్తుంటే నాకే అబద్ధంలా వినిపించింది. ఆవిడ సెలవు కాగితం తీసి మడిచి సొరుగులో పెట్టుకుంది. రెండు రోజులూ లేవు, వెళ్ళి పని చూసుకో అంది. పాపం ఆవిడది తప్పేం లేదక్కా. నేనైనా నమ్మను.

నీది కూడా తప్పు కాదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఇది చదివి నువ్వు అన్నం మానేస్తావని.

మంగళవారం చెయ్యి. సింహం కుర్చీ ఉంటుంది కదా. గౌను బాబాయ్‌తో పంపుతున్నా. నేను రావట్లేదని పాప ఏడిస్తే, అమ్మకి ఫోన్లో నీ మాట వినిపించింది, ఆ మాట దగ్గర పెట్టుకుని పని చేసుకుంటోంది అని చెప్పు.

నీ చెల్లి


జూన్ 25

చెల్లీ,

నిన్న పుట్టినరోజు జరిగింది. వెనకటి రోజుల్లో రాజుల పట్టాభిషేకాలు రాసిపెట్టేవాళ్ళంట, నేనూ రాస్తున్నా. ఆరో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని, అక్షరాలు కొట్టుకుపోతే నువ్వే ఒడ్డుకి లాక్కో.

మంగళవారం పొద్దున నేను నిద్ర లేచేసరికి గోదాములో కుర్చీలు లేవు. ఊళ్ళో ఎవరో పెద్దమనిషి పోయాడు. సంతాప సభకి కావాలని రాత్రికి రాత్రి దొరని లేపి కుర్చీలు, బల్లలు, తెల్ల షామియానాలు అన్నీ పట్టుకుపోయారు. చావుకి సెలవు రోజేంటి? నేను చాకిరీ చేసే కొట్టులో నాకు మిగిలింది రెండే. రంగు దీపాలు, సింహం కుర్చీ. సంతాప సభలో వాటితో ఎవరికి పని!

దీపాలన్నీ ఖాళీ గోదాములో కట్టాను. అంత పెద్ద గదిలో మధ్యన ఒక్క ఎర్ర కుర్చీ, అందులో ఒక్క పిల్ల. చూస్తే ఏదో రాజ్యం ఓడిపోయినట్టుంది, రాణిగారికి మాత్రం ఇంకా చెప్పలేదు.

ఇక అతిథులు. టైలరు కొడుకులు మంచి చొక్కాలు తొడుక్కుని పోయిన శుక్రవారమే వచ్చేశారు. మూడో పిలుపు వాళ్ళమ్మ చెవికెక్కలేదు, లేదా ఎక్కినా దించేసింది. వాళ్ళకి చెరో బిస్కెట్టు పెట్టి పంపాను. నిన్న రాలేదు. ఇస్త్రీ ఆవిడ మనవరాలికి జ్వరం. వచ్చింది సెలూను అతని కూతురు ఒక్కతే. దానికి వాళ్ళ నాన్న నున్నగా తల దువ్వి పంపాడు. "మిగతావాళ్ళు ఏరి?" అంది ఆ పిల్ల. "ఇదే మొత్తం" అంది మన బుడంకాయ.

కేకు విషయంలో మాత్రం జనాల మతిమరుపు నన్ను కాపాడింది. ఎవరికో అరవయ్యేళ్ళు నిండితే చేయించారంట, తీసుకెళ్ళలేదు. కేకు మీద అరవై అని పెద్ద అంకె. సున్నాని చెంచాతో గీకేశాను. ఆరుని ఐదు చేద్దామని కత్తితో ప్రయత్నిస్తే తలకిందులైన కొక్కెంలా తయారైంది. బుడంకాయకి అంకెలు రావు కాబట్టి పరువు దక్కింది.

గౌను చాలా బాగుంది. కుట్లు వంకరేం లేవు. భుజాల దగ్గర కాస్త బిగువైంది, నువ్వు చూసిన కొలతకి కుట్టావుగా. పక్క కుట్లు విప్పి ఎర్ర షామియానా గుడ్డ రెండు పట్టీలు వేశాను. పచ్చ మీద ఎర్ర. కావాలనే అలా కుట్టించినట్టుందని సెలూను అతని కూతురు మెచ్చుకుంది.

పన్ను ఊడలేదు. కేకులో దిగబడింది గానీ ఊడలేదు.

మొదటి ముక్క చేత్తో పట్టుకుని "అమ్మకి" అంది. ఇంక రాయలేను, దీపాలు విప్పాలి.

నీ అక్క


జూన్ 30

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఆ ఖాళీ గోదాము తలుచుకుని ఏడ్చాను, మొదటి ముక్క దగ్గరికి వచ్చాక మళ్ళీ మొదట్నుంచి చదివాను. అమ్మకి అందా! పక్క మంచం అమ్మాయికి చూపించాను. సూపర్‌వైజరమ్మకి కూడా చూపిద్దామనిపించింది, అసలు నీకు కూతురుందా అన్నందుకు. కానీ ఆవిడ రాజుల పట్టాభిషేకం దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది కోపం తెచ్చుకోకుండా విను. మా ఒప్పందం వచ్చే నెలతో అయిపోతుందిగా, అయిపోగానే వచ్చేద్దామనుకున్నాను. ఇంకో రెండేళ్ళకి సంతకం పెడితే సరుకు లెక్క చూసే పని ఇస్తామంటున్నారు. చల్లగదిలో నిలబడక్కర్లేదు. మధ్యలో సెలవులుండవు. రెండేళ్ళయ్యాక నాకంటూ ఒక గది తీసుకుని పాపని తెచ్చుకోవచ్చు. ఇప్పుడొస్తే ఏముంది? నీ గదిలో మూడో మనిషిని.

ఇన్నాళ్ళూ వద్దనుకున్నదానికి కారణం ఒక్కటే, పాప నన్ను మర్చిపోతుందేమోనని. ఆ భయం పోయింది. ఎప్పుడొస్తావ్ అని అడిగిన పిల్ల, మొదటి ముక్క అమ్మకి అన్న పిల్ల, ఇంకో రెండేళ్ళు ఆగలేదా? గేటు దగ్గర ఫోను తీసేశారు, వాచ్‌మన్‌ని కూడా మార్చేశారు. పర్లేదు. ఆ మాట నా చెవిలో ఉంది.

వచ్చే సోమవారం మధ్యాహ్నం సంతకాలు. నువ్వు సంతోషంగా సరేనంటున్నావని అనుకుని పెడతా.

నీ చెల్లి


జూలై 4, శుక్రవారం

చెల్లీ,

ఇందుమూలంగా అని మొదలుపెట్టి కొట్టేశాను. వేళాకోళం ఇవాళ రావట్లేదు.

డ్రైవరు బాబాయ్ కింద హారను కొడుతున్నాడు. లారీ మీ కంపెనీకి తిన్నగా రాదంట, వేరే చోట సరుకు దించి, సోమవారం సాయంత్రానికి చేరతానంటున్నాడు. మధ్యాహ్నానికి చేర్చు బాబాయ్ అన్నాను. "లారీ అమ్మా ఇది, నీ నాలుక కాదు" అన్నాడు. పోస్టులో వేస్తే ఇంకా ఆలస్యం. మీ ఆఫీసు నంబరుకి దొర ఫోను నుంచి పొద్దుట్నుంచి చేస్తున్నా. ఒకసారి ఎత్తారు. మా చెల్లిని పిలవండి, ఒక ముఖ్యమైన మాట చెప్పాలి అన్నాను. పనివాళ్ళకి ఫోన్లివ్వం అన్నారు. అందుకే ఇది సమయానికి అందదని తెలిసే రాస్తున్నా.

సంతకం పెట్టకు. పెట్టేసి ఉంటే, వెళ్ళి కాళ్ళు పట్టుకుని చింపించు.

మొదటి ముక్క అమ్మకి అన్నది నిజం. ఆ ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. చలికాలం నుంచి అది నన్ను పెద్దమ్మ అనట్లేదు. మొదట్లో పెద్దమ్మ అనవే అని సరిచేసేదాన్ని. తర్వాత తర్వాత, పనిలో ఉన్నప్పుడు, సరిచేయడం మర్చిపోయేదాన్ని. మర్చిపోయేదాన్ని అని రాశాను గానీ, ఎప్పుడూ మర్చిపోలేదు.

గౌను తొడుగుతూ ఇది అమ్మ కుట్టింది అన్నాను. నా వంక చూసి "నువ్వు ఎప్పుడు కుట్టావ్?" అంది. కాదే, మీ అమ్మ, పండ్ల కంపెనీలో ఉంటుంది చూడు అన్నాను. "ఆ లారీ తాతగారి దగ్గరా?" అంది. ఉత్తరాలు తెచ్చే మనిషి ఒకడున్నాడని దానికి తెలుసు. రాసే మనిషి ఉందని తెలియదు. నీ ఫోటో చూపించాను. చక్కగా చూసింది. "ఈవిడకి కూడా కేకు పెట్టాలా?" అని మర్యాదగా అడిగింది. అంత మర్యాద అది పరాయివాళ్ళ దగ్గరే చూపిస్తుంది.

ఇంకో రెండేళ్ళంటే నాకేం బాధ లేదు, అది నీకు అర్థమవుతోందా? బాధ లేదు. అదే నన్ను భయపెడుతోంది. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే అది నాదైపోతుంది. ఎవరూ నన్నేమీ అనరు. నువ్వు కూడా అనవు, థాంక్స్ చెప్తావు.

చిన్నప్పుడు అమ్మ గొంతుతో పిలిస్తే పరిగెత్తుకుంటూ వచ్చేదానివి. ఇది నా గొంతే. దీనికి వస్తావో రావో.

బాబాయ్ మళ్ళీ కొడుతున్నాడు. మిగిలింది కూడా రాసేస్తా.

ఆ సోమవారం ఫోను కలిపి దాని చెవికి పెట్టాను. అవతల నువ్వు "తల్లీ, తల్లీ, నేనే" అంటున్నావు, నాకూ వినిపిస్తోంది. అది కాసేపు వింది. "ఎవరో ఏడుస్తున్నారు" అని ఫోను నా చేతిలో పెట్టి, సింహం కుర్చీ ఎక్కడానికి వెళ్ళిపోయింది. నువ్వు ఇంకా పిలుస్తూనే ఉన్నావు. దొర గడియారం చూస్తున్నాడు. నాకు చేతనైన విద్య ఒక్కటే. అటు తిరిగి, గొంతు సన్నగా చేశాను.

దానికి జలుబు లేదు. అమ్మా ఎప్పుడొస్తావ్ అన్నది నేను.

నీ అక్క